టీన్ కామెడీ రాస్తున్నారా, ముందు లంచ్ టేబుల్ సీన్ రాయండి

హైస్కూల్ కామెడీ అనగానే చాలామంది మేకోవర్ సీన్ దగ్గరే మొదలుపెట్టేస్తారు, కళ్ళజోడు తీసి జుట్టు విప్పితే స్కూలంతా నోరెళ్ళబెట్టడం, నాకది అస్సలు నచ్చదు, ఎందుకంటే నువ్వు ఉన్నట్టే బాగున్నావ్ అని చెప్పాల్సిన కథలో మొహమే మార్చేస్తున్నాం కదా.

ముందు లంచ్‌లో ఎవరు ఎవరి పక్కన కూర్చుంటారో ఒక కాగితం మీద గీసుకోండి, సగం కథ అక్కడే దొరికేస్తుంది. 2004లో వచ్చిన హాలీవుడ్ టీన్ కామెడీ మీన్ గర్ల్స్‌కి దాని రచయిత్రి టీనా ఫే తీసుకున్న ఆధారం నవల కూడా కాదు, అమ్మాయిల గ్రూపుల గురించి రోజలిండ్ వైజ్‌మన్ పేరెంట్స్ కోసం రాసిన పుస్తకం, అంటే గమనించి రాసిన విషయం.

తర్వాత మీ కథలోని అమ్మాయికి పాపులారిటీ నిజంగానే దొరకనివ్వండి, అది ఆమెకి నచ్చాలి కూడా, లేకపోతే వదులుకోవడంలో బరువుండదు. ఇలా అనుకోండి, ట్రే పట్టుకుని నిలబడింది, పాత ఫ్రెండ్ కుర్చీ మీద బ్యాగ్ తీసి చోటిచ్చింది, ఈమె చూడనట్టే పాపులర్ పిల్లల పెద్ద టేబుల్ వైపు వెళ్ళిపోయింది, ఆ పిల్ల మెల్లగా బ్యాగ్ మళ్ళీ కుర్చీలో పెట్టేసుకుంది. ఇక్కడ డైలాగ్ పెట్టకండి ప్లీజ్.

జోకులు ఒంటి మీద, రంగు మీద వద్దు, ఆమె ఆడే అబద్ధాల మీద వేయండి, ఒకటి కప్పిపుచ్చడానికి ఇంకోటి, కామెడీ దానంతటదే పెరుగుతుంది.

డ్రాఫ్ట్ అయ్యాక పదిహేనేళ్ళ పిల్లలెవరికైనా చదివి వినిపించండి, వాళ్ళు ఇబ్బందిగా మొహం పెట్టిన లైన్లన్నీ కొట్టేయండి.