మేఘంలో ఆటిట్యూడ్ ఇండికేటర్ నెమ్మదిగా చచ్చిపోతే

ఇది సెస్నా 172 లాంటి పాత గుండ్రటి మీటర్ల విమానాలు నడిపేవాళ్ల కోసం. బయట ఏమీ కనిపించనప్పుడు విమానం ఎంత ఒరిగిందో, ముక్కు పైకుందో కిందికుందో చూపే మీటరే ఆటిట్యూడ్ ఇండికేటర్.

సమస్య: ఎత్తుకు ఎక్కుతుంటే ఎయిర్‌స్పీడ్ కూడా పెరుగుతోంది, లేదా మొత్తానికే సున్నాకి పడిపోయింది.
ఎదురుగాలి ఒత్తిడితో వేగం కొలిచే పిటో గొట్టం మూసుకుపోయింది, చాలాసార్లు మంచుతోనే. ఆ గొట్టాన్ని వేడిచేసే పిటో హీట్ వేశారా? ముందు ఆ స్విచ్ చూడండి, తర్వాత కంగారు పడొచ్చు. ఈలోగా అలవాటైన పవర్, అలవాటైన ముక్కు ఎత్తు పెట్టుకుని ఉండండి.

సమస్య: ఎత్తు చూపే ఆల్టిమీటర్ ఒక్క అంకె దగ్గరే ఆగిపోయింది, నిలువు వేగం సున్నా.
బయటి గాలి ఒత్తిడిని మీటర్లకు అందించే స్టాటిక్ రంధ్రం మూసుకుంది. ఆల్టర్నేట్ స్టాటిక్ (దానికి బదులుగా ఉండే ఇంకో దారి) తెరవండి. ఎత్తు, ఎయిర్‌స్పీడ్ మామూలుగా కాస్త ఎక్కువ చూపిస్తాయి, అంతే.

సమస్య: ఆటిట్యూడ్ ఇండికేటర్‌లో రెక్కలు సమంగానే ఉన్నాయి. కానీ మలుపును చూపే టర్న్ కోఆర్డినేటర్ ఒరిగి ఉంది, కంపాస్ తిరుగుతోంది, వేగం పెరుగుతోంది.
అసలు దొంగ ఇదే. గాలి లాగి మీటర్ లోపలి గైరోను (వేగంగా తిరిగే చక్రాన్ని) తిప్పే వాక్యూమ్ పంప్ పోయింది. పంప్ ఆగినా లోపలి గైరో వెంటనే ఆగదు. కొన్ని నిమిషాలు తిరుగుతూ, మెల్లగా ఒక పక్కకు వాలుతుంది. మీరు దాన్ని సరిచేస్తున్నామనుకుంటూ నిజం విమానాన్ని ఒరగబెడతారు. ఒరిగామని చెప్పాల్సిన లోపలి చెవికి ఏమీ తెలియదు. ఒకసారి పక్క సీట్లో ఉండి నేనే మోసపోయాను. స్టూడెంట్ చాలా నీట్‌గా నడుపుతున్నాడని మెచ్చుకుంటున్నా కూడా! పంప్ లాగుడు చూపే సక్షన్ గేజ్ ప్యానెల్ మూలన సున్నా చూపిస్తూ ఉంది. మామూలుగా 4.5 నుంచి 5.5 అంగుళాలు (పాదరసం) ఉండాలి. దాన్ని ఎవరూ చూడరు.

టర్న్ కోఆర్డినేటర్ చాలా విమానాల్లో కరెంటు మీద నడుస్తుంది, పంప్‌తో దానికి పని లేదు. అది, కంపాస్ ఒకే మాట చెబితే వాటినే నమ్మండి. వేగం పెరుగుతుంటే ముందు పవర్ తగ్గించి, రెక్కలు సమం చేసి, ఆ తర్వాతే ముక్కు ఎత్తండి. ఒరిగి ఉండగా లాగితే మలుపు ఇంకా బిగుస్తుంది. ఏటీసీకి (నేల మీది విమాన నియంత్రణ వాళ్లకు) చెప్పండి. గైరో లేకుండా దారి చూపమంటే వాళ్లే "తిరుగు", "ఆపు" అంటారు. మీరు సెకనుకు 3 డిగ్రీల చొప్పున తిరిగితే చాలు. కంపాస్‌ను ఒరగకుండా, తిన్నగా ఎగురుతున్నప్పుడే చదవండి.

1978 జనవరి 1న బొంబాయి నుంచి బయల్దేరిన ఎయిర్ ఇండియా 747లో కెప్టెన్ వైపు ఇండికేటర్ ఇలాగే తప్పు చూపింది. మిగతావి సరిగానే ఉన్నాయి. 213 మంది పోయారు. అక్కడ మేఘం కాదు, చీకటి సముద్రం. వల మాత్రం ఇదే.

మీటర్ లోపలి బేరింగ్ పోవడం, గొట్టం ఊడిపోవడం అరుదు. వాటి గురించి గాల్లో ఆలోచించకండి, మెకానిక్ చూసుకుంటాడు.

చెడిన మీటర్ మీద తప్పకుండా ఏదైనా కప్పండి, లేకపోతే కన్ను అటే పోతుంది. నా హెడ్‌సెట్ సంచిలో ఎప్పుడూ రెండు స్టిక్కీ కాగితాలు ఉంటాయి. ఒకటి ఆటిట్యూడ్‌కి, రెండోది దిశ చూపే హెడింగ్ మీటర్‌కి, అది కూడా అదే పంప్ మీద నడుస్తుంది కాబట్టి.