బారిటోన్ గిటార్‌కి పికప్ మార్చే ముందు ఈ జాగ్రత్తలు చూసుకోండి

మామూలు గిటార్ కంటే పొడవైన తీగలతో, ఇంకా కింది స్వరాలకి బిగించేది బారిటోన్ గిటార్. దాని మోత ముద్దగా ఉందని కొత్త పికప్ (తీగల కంపనాన్ని కరెంటు సిగ్నల్‌గా మార్చే అయస్కాంతం, కాయిల్ ఉన్న భాగం) కొనే ముందు ఒక్క పని చేయండి. గిటార్‌కి కొత్త తీగలు వేసి, ఇప్పుడున్న పికప్‌నే మందపు తీగల వైపు ఒక మిల్లీమీటరు కిందికి దించి, ఆంప్‌లో గెయిన్ (సిగ్నల్‌ని పెంచి శబ్దాన్ని గరుకుగా చేసే నాబ్) బాగా తగ్గించి వాయించి చూడండి. చాలాసార్లు సమస్య అక్కడే తీరిపోతుంది.

నేను ఆ పని చేయలేదు. నాది 28 అంగుళాల స్కేల్ (మోగే తీగ పొడవు), ట్యూనింగ్ 'బీ' నుంచి 'బీ'కి. మోత ముద్దగా ఉందనిపించి, ఇంత కిందికి దించి వాయించేవాళ్లకి గట్టి పికప్ కావాలి కదా అనుకుని, బాగా అవుట్‌పుట్ ఉన్న, సెరామిక్ అయస్కాంతం పికప్ వేశాను. కింది 'బీ' మీద పవర్ కార్డ్ (మూల స్వరమూ దాని పంచమమూ కలిపి) కొడితే రెండు స్వరాలు విడిగా వినపడలేదు, అంతా కలిసి ఒకటే ఉరుము. తీరా కొలిచి చూస్తే పికప్‌కీ ఆరో తీగకీ మధ్య ఒకటిన్నర మిల్లీమీటరే ఉంది, పాత పికప్ కూడా అంత దగ్గరగానే ఉండేది.

ఇలా ఎందుకవుతుందో తెలిస్తే పికప్ ఎంచుకోవడం తేలికవుతుంది. మామూలు ట్యూనింగ్‌లో కింది 'ఈ' తీగ సెకనుకి 82 సార్లు కంపిస్తుంది. 'బీ'కి దించితే 62, 'ఏ'కి దించితే 55. 'బీ' మీద పవర్ కార్డ్ వేస్తే పై స్వరం 92 దగ్గర ఉంటుంది, ఈ రెండూ కలిసి డిస్టార్షన్‌లోకి (శబ్దాన్ని గరుకుగా మార్చే దశలోకి) వెళ్లాక వాటి తేడా దగ్గర, అంటే 31 దగ్గర, మనం వాయించని ఇంకో స్వరం పుడుతుంది. గిటార్ స్పీకర్ దాన్ని సరిగ్గా పలికించలేదు, కానీ ఆంప్ శక్తిని మాత్రం అది తినేస్తుంది. అందుకే బేస్‌ని డిస్టార్షన్‌కి ముందే తగ్గించాలి, కావాలంటే ఆ తర్వాత ఆంప్‌లో పెంచుకోవచ్చు. డిస్టార్షన్‌కి ముందే ముద్దయిన శబ్దాన్ని తర్వాత ఎన్ని నాబ్‌లు తిప్పినా విడదీయలేం. కాబట్టి బారిటోన్‌కి పికప్ అంటే బేస్ బిగువుగా, పై స్వరాలు స్పష్టంగా ఉన్నది చూసుకోవాలి. ఎంత గట్టిగా మోగుతుందన్నది ఆ తర్వాతి మాట.

కొనేటప్పుడు అందరూ కిలో ఓమ్‌ల అంకె, అంటే పికప్ కాయిల్ రెసిస్టెన్స్, చూస్తారు. 16 అంటే 8 కంటే రెట్టింపు బలం అనుకోకండి. కాయిల్‌లో చుట్టిన తీగ సన్నదైతే రెసిస్టెన్స్ దానంతట అదే పెరుగుతుంది, 42 గేజ్‌తో (గేజ్ అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది) చుట్టినదాన్నీ 44 గేజ్‌తో చుట్టినదాన్నీ ఆ ఒక్క అంకెతో పోల్చలేం. ఒకే గేజ్ అయితే మాత్రం చుట్లు పెరిగేకొద్దీ పైస్వరాల మెరుపు తగ్గుతుంది, బారిటోన్‌లో మనకి కరువయ్యేది సరిగ్గా అదే. డేనెలెక్ట్రో కంపెనీ 1950ల చివర్లో తెచ్చిన బారిటోన్‌లలో ఉన్నవి అవుట్‌పుట్ తక్కువున్న లిప్‌స్టిక్ (లిప్‌స్టిక్ గొట్టంలా కనిపించే) పికప్‌లే, ఆ స్పష్టత కోసం వాటిని ఇప్పటికీ వెతుక్కుంటారు. నా మటుకు నేను క్లీన్‌గా వాయించేవాళ్లకి తక్కువ చుట్లున్న ఆల్నికో 5 (ఒక రకం అయస్కాంతం) హంబకర్ (రెండు కాయిల్స్ ఉన్న పికప్) గానీ పీ90 (ఒకే కాయిల్ ఉన్న పికప్) గానీ చెబుతాను. గట్టి డిస్టార్షన్‌తో వేగంగా వాయించేవాళ్లకి సెరామిక్ మంచిదే, అవుట్‌పుట్ మధ్యస్థంగా ఉంటే చాలు. 'బారిటోన్ స్పెషల్' అన్న పేరు కోసం ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదు, ఆరు తీగల బారిటోన్‌కి మామూలు ఆరు తీగల పికప్ సరిపోతుంది. కాకపోతే పికప్ మీదుగా మొదటి తీగకీ ఆరో తీగకీ మధ్య దూరం స్కేలు పెట్టి కొలవండి. కొన్ని పికప్‌లు 50 మిల్లీమీటర్లకి, కొన్ని 53కి దగ్గరగా ఉంటాయి.

యాక్టివ్ పికప్ (బ్యాటరీతో పనిచేసేది) అనుకుంటే ముందు వెనక మూత తీసి 9 వోల్టుల బ్యాటరీకి చోటుందో లేదో చూడండి. పాట్‌లు (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండే భాగాలు) కూడా మార్చాలి, ఈఎంజీ కంపెనీ పికప్‌ల లాంటివాటికి 25 కే (25 కిలో ఓమ్‌లు) కావాలి. పాత 500 కే ఉంచేస్తే వాల్యూమ్ నాబ్ దాదాపు స్విచ్‌లా పనిచేస్తుంది. వాయించడం అయ్యాక కేబుల్ పీకేయాలి, లేకపోతే వాయించకపోయినా బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది.

ఇక విప్పే పని. తీగలు పూర్తిగా వదులు చేశాకే కత్తిరించండి. అదే తీగని అదే స్వరానికి బిగించినా 25.5 అంగుళాల గిటార్ కంటే 28 అంగుళాల దాంట్లో టెన్షన్ 20 శాతం ఎక్కువ, బిగువు మీద తెగితే మొహానికి వచ్చి తగులుతుంది. టంకం వేసేటప్పుడు కిటికీ తెరిచి, కళ్లజోడు పెట్టుకోండి. పాత వైర్లు పీకే ముందు ఫోటో తీయండి. అన్నిటికంటే భయపడాల్సింది స్క్రూడ్రైవర్‌కి. పికప్ దగ్గరికి తెస్తే అయస్కాంతం దాన్ని లటుక్కున లాగేసుకుంటుంది, మొన కాయిల్‌కి తగిలితే వెంట్రుకంత తీగ తెగి పికప్ చచ్చిపోతుంది. కాయిల్ బయటికి కనిపించే పికప్ అయితే పక్కలకి టేపు వేసి పని చేయండి.

వైర్ల రంగులు కంపెనీని బట్టి మారతాయి. సీమోర్ డంకన్‌లో నలుపు హాట్ (సిగ్నల్ వెళ్లే వైరు), ఎరుపూ తెలుపూ ఒకటిగా కలపాలి. డిమార్జియోలో ఎరుపు హాట్, నలుపూ తెలుపూ కలపాలి. ఆకుపచ్చ రెండిట్లోనూ గ్రౌండే, అందుకే ఒకటి తెలిసినవాళ్లు రెండోది కూడా అంతే అనుకుంటారు. డిమార్జియోకి డంకన్ పద్ధతిలో కలిపితే హంబకర్‌లోని రెండు కాయిల్స్ ఒకదానికొకటి ఎదురుతిరిగి, బేస్ పోయి రేకు డబ్బా మీద కొట్టినట్టు పల్చగా పలుకుతుంది. మూత బిగించే ముందే, తీగలు వేయకుండానే, ఆంప్ బాగా తగ్గించి పెట్టి ఒక్కో కాయిల్ మధ్యలో పైకి కనిపించే లోహపు మొలల మీద మాత్రమే, చుట్టిన తీగకి తగలకుండా, స్క్రూడ్రైవర్ మొనతో మెల్లగా తట్టండి. రెండూ టక్ టక్‌మనాలి.

తీగలు వేశాక చివరి ఫ్రెట్ నొక్కిపట్టి, మందపు వైపు మూడు మిల్లీమీటర్లు, సన్నం వైపు రెండు దూరం పెట్టి మొదలెట్టండి. ఆరో తీగని పన్నెండో ఫ్రెట్ పైన నొక్కి మోగించి వినండి. స్వరం నిలకడగా లేకుండా ఊగుతుంటే అయస్కాంతం తీగని లాగుతోందని అర్థం. ముందు నెక్ పికప్ (గిటార్ మెడ పక్కనున్నది) దించండి, అక్కడే ఇది ఎక్కువ. కొత్త తీగలు ఒకరోజు సాగి కుదురుకున్నాక ఇంకోసారి కొలవండి.