రికార్డులకు లిమిట్ పెట్టినా రిపోర్టు సతాయిస్తుంటే

సమస్య: 500 రికార్డులు చాలని పెట్టినా రిపోర్టు నిమిషాల తరబడి తెరుచుకోదు.

ముందు ఆ 500 ఎక్కడ రాశారో చూడండి. కొన్నిసార్లు అది రిపోర్టు టూల్ సెట్టింగ్‌లోనే ఉండిపోతుంది, డేటాబేస్‌ను డేటా అడిగే క్వెరీలోకి చేరదు. డేటాబేస్ పాపం లక్షల రికార్డులూ పంపుతుంది, టూల్ పైనున్న 500 చూపించి మిగతావి వదిలేస్తుంది. సర్వర్ లాగ్‌లో అసలు చేరిన క్వెరీ చదివితే సంగతి తేలిపోతుంది. లిమిట్‌ను క్వెరీలోనే రాయండి: మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లలో చివర లిమిట్ 500, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో సెలెక్ట్ పక్కనే టాప్ 500, ఒరాకిల్ 12సి నుంచి ఫెచ్ ఫస్ట్ 500 రోస్ ఓన్లీ.

లిమిట్ క్వెరీలోనే ఉన్నా నెమ్మదేనా? అయితే రికార్డులను వరుసలో పేర్చమనే ఆర్డర్ బైని అనుమానించండి. తేదీ కాలమ్‌కు ఇండెక్స్ (త్వరగా వెతకడానికి ఉండే సూచిక) లేకపోతే, కొత్తవి 500 ఏవో తేల్చడానికి టేబుల్ మొత్తం చదవక తప్పదు. క్వెరీని డేటాబేస్ ఎలా నడుపుతుందో చూపే ఎక్స్‌ప్లెయిన్ పెట్టి చూస్తే ఫుల్ స్కాన్, దానిపైన సార్ట్ కనిపిస్తాయి. ఇండెక్స్ వేయండి. ఏ రికార్డులు కావాలో చెప్పే వేర్‌లో తేదీ హద్దు కూడా పెట్టండి, కానీ ఇయర్ ఫంక్షన్‌లో తేదీని చుట్టి 2024తో పోల్చకండి, మామూలు ఇండెక్స్ అక్కరకు రాదు. 2024 జనవరి 1 నుంచి, 2025 జనవరి 1 కంటే తక్కువ అని రాయండి.

సమస్య: రిపోర్టు తెరిచిన ప్రతిసారీ వేరే రికార్డులు వస్తున్నాయి.

ఆర్డర్ బై లేని లిమిట్‌కు ఏ వరుసా ఖాయం కాదు. తేదీతో సార్ట్ చేసినా, ఒకే తేదీవి చాలా ఉంటే ఇదే గొడవ. ఆర్డర్ బై చివర రికార్డు ఐడీ కూడా చేర్చండి. పాత ఒరాకిల్‌లో లిమిట్ కోసం రోనమ్ (వచ్చే రికార్డులకు ఇచ్చే వరుస నంబరు) వాడేవాళ్లకు ఇంకో మెలిక ఉంది. దానికీ ఆర్డర్ బైకీ ఒకే స్థాయిలో చోటిస్తే, ముందు చేతికందిన 500 పట్టుకుని, తర్వాత వాటినే సార్ట్ చేస్తుంది. చూడ్డానికి చక్కగా వరుసలో ఉంటాయి కాబట్టి తప్పు ఎవరి కంటా పడదు. సార్టింగ్‌ను లోపలి క్వెరీలో, రోనమ్‌ను బయట పెట్టాలి.

సమస్య: 10 ఆర్డర్లు అడిగితే 3 వచ్చాయి.

ఆర్డర్లను ఐటమ్స్ టేబుల్‌తో జాయిన్ చేశారు (కలిపారు) కదా! అప్పుడు ఒక్కో ఐటమ్‌కు ఒక్కో లైన్ వస్తుంది, లిమిట్ లెక్కపెట్టేది ఆ లైన్లనే. మొదటి ఆర్డర్‌లో 5 ఐటమ్స్, రెండోదాంట్లో 3, మూడోదాంట్లో 2 ఉంటే అక్కడికే 10 లైన్లు అయిపోయాయి. సబ్‌క్వెరీలో (లోపలి క్వెరీలో) ముందు 10 ఆర్డర్లు తీసి, తర్వాత జాయిన్ చేయండి.

సమస్య: అడుగున టోటల్ తక్కువ వస్తోంది.

అన్నిట్లోకీ నాకు భయం దీంతోనే, ఎందుకంటే ఎర్రర్ ఏదీ రాదు. టూల్ కూడినది తనకు వచ్చిన 500నే. టోటల్‌కు లిమిట్ లేని వేరే క్వెరీ రాసి సమ్ (కూడిక) డేటాబేస్‌తోనే చేయించండి. రిపోర్టు పైన ‘మొదటి 500 మాత్రమే’ అని కనిపించేలా రాయండి.