బొగ్గులో రంధ్రాల సైజు కొలవడం ఎలా?

బరంపురం, పర్లాకిమిడి వైపు ప్రాజెక్టులు చేసే పిల్లల్లో చాలామంది ఉద్దానం కొబ్బరి చిప్పలు గానీ, పలాస జీడిపిక్కల తొక్కలు గానీ కాల్చి యాక్టివేటెడ్ కార్బన్ (సన్న రంధ్రాలు నిండిన బొగ్గు) చేస్తారు. దాన్ని కొలిస్తే గ్రాఫ్ అందంగానే వస్తుంది, అంకెలే తప్పుతాయి. యంత్రాన్ని తిట్టకండి. తప్పు అంతకుముందే జరిగిపోయి ఉంటుంది.

కావలసినవి: గ్యాస్ అడ్సార్ప్షన్ యంత్రం (బొగ్గు ఉపరితలానికి ఎంత గ్యాస్ పట్టుకుందో కొలిచేది), లిక్విడ్ నైట్రోజన్, గ్లాసు ట్యూబు, మిల్లీగ్రాములో పదో వంతు చూపే తూకం, 100 మిల్లీగ్రాముల బొగ్గు. బొగ్గును మరీ మెత్తటి పొడి చేయొద్దు, సన్న రవ్వలా ఉంటే చాలు. మైనస్ 196 డిగ్రీల దగ్గర నైట్రోజన్‌ను కొద్దికొద్దిగా వదిలితే ముందు సన్న రంధ్రాలు, తర్వాత పెద్దవి నిండుతాయి. ఏ పీడనం దగ్గర ఎంత గ్యాస్ పట్టిందన్న దాన్నిబట్టి సైజు తేలుతుంది. 2 నానోమీటర్లలోపువి మైక్రో, 50 వరకు మీసో, ఆపైన మాక్రో.

ఇక డీగ్యాస్, అంటే రంధ్రాల్లో ముందే పట్టి ఉన్న తేమను, గ్యాసులను వాక్యూమ్ కింద వేడిచేసి వెళ్లగొట్టడం. అందరూ తేలిగ్గా తీసుకునేది దీన్నే.

సముద్రం దగ్గరి ఊళ్లలో, అందులోనూ వానాకాలంలో, బొగ్గు గాలిలోని తేమను పీల్చేస్తుంది. సన్న రంధ్రాల్లో నీళ్లు కూర్చుంటే నైట్రోజన్‌కు చోటుండదు. ముందు రోజు రాత్రి 110 డిగ్రీల ఓవెన్‌లో పెట్టండి. అది తొలి మెట్టే, డీగ్యాస్ కాదు. తర్వాత వాక్యూమ్ కింద మెల్లగా వేడి పెంచి, 100 దగ్గర ఒక గంట ఆగండి. నేరుగా 300కి తోస్తే ఆవిరి ఒక్కసారిగా లేచి పొడిని వాక్యూమ్ లైన్‌లోకి ఎగదన్నుతుంది. ఆ తర్వాత 300 డిగ్రీల దగ్గర 12 గంటలు. 150లో మూడు గంటలు చాలదా అంటారు. సిలికాకైతే చాలేమో, బొగ్గుకు చాలదు. యాసిడ్‌తో శుద్ధి చేసిన బొగ్గయితే మాత్రం 200 దాటనివ్వకండి, ఉపరితలం మీది ఆక్సిజన్ ఉన్న రసాయన గుంపులు విడిపోవడం మొదలవుతుంది. చివర్లో వాల్వ్ మూసి పీడనం చూడండి. పెరుగుతోందంటే ఇంకా ఏదో బయటికి వస్తోందన్నమాట, లేదా లీకు.

బరువు డీగ్యాస్ అయ్యాకే తూచాలి. 100 మిల్లీగ్రాముల్లో 15 నీళ్లే అనుకోండి. ముందు తూచిన బరువే రాస్తే గ్రాముకు 1000 చదరపు మీటర్ల ఉపరితల వైశాల్యం ఉన్న బొగ్గు 850గా కనిపిస్తుంది. ఖాళీ ట్యూబును కూడా అదే గ్యాస్ నింపి, అదే మూతతో తూచాలి. నేను నైట్రోజనే నింపుతాను. హీలియం సన్న రంధ్రాల్లో చిక్కుకుని లెక్క చెడగొడుతుంది, అందుకే హీలియంతో చేసే ఖాళీ జాగా (ట్యూబులో బొగ్గు పోను మిగిలిన చోటు) కొలత కూడా చివరికే పెట్టుకోండి.

మిగతాది యంత్రం చూసుకుంటుంది. తక్కువ పీడనం దగ్గర ఒక్కో పాయింటుకు టైం పడుతుంది, తొందరపెట్టొద్దు.

రంధ్రాల సైజు లెక్కకు బీజేహెచ్ (బారెట్, జాయ్నర్, హాలెండా) పద్ధతి వద్దు. 1951 నాటి ఆ పద్ధతి మీసో రంధ్రాల కోసం, మైక్రోకు పనికిరాదు. పైగా డిసార్ప్షన్ గీతతో (గ్యాస్ తిరిగి బయటికి వచ్చేటప్పటి గ్రాఫుతో) లెక్కేస్తే 3.8 నానోమీటర్ల దగ్గర ఒక శిఖరం లేస్తుంది. సాపేక్ష పీడనం (గ్యాస్ పీడనాన్ని దాని సంతృప్త పీడనంతో భాగిస్తే వచ్చేది) 0.42 ప్రాంతంలో రంధ్రాల్లోని ద్రవ నైట్రోజన్ నిలవలేక ఒక్కసారిగా ఖాళీ కావడం వల్ల వచ్చేది అది. దాన్ని రంధ్రాల సైజని థీసిస్‌లో రాసేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. బొగ్గుకు చీలిక ఆకారపు రంధ్రాల డీఎఫ్‌టీ (డెన్సిటీ ఫంక్షనల్ థియరీ) మోడలే ఎంచుకోండి. ఉపరితల వైశాల్యానికి బీఈటీ (బ్రునౌర్, ఎమ్మెట్, టెల్లర్) సమీకరణం వాడినా, పాఠ్యపుస్తకంలోని 0.05–0.3 సాపేక్ష పీడన పరిధిని గుడ్డిగా పెట్టకండి. మైక్రో రంధ్రాలకు అంతకంటే కింది పీడనాలు తీసుకోవాలి. ఆ సమీకరణంలోని సీ అనే స్థిరాంకం నెగెటివ్ వస్తే పరిధి తప్పినట్టే.

0.7 నానోమీటర్లకన్నా సన్నటివి కావాలంటే సున్నా డిగ్రీల దగ్గర కార్బన్ డయాక్సైడ్‌తో ఇంకోసారి కొలవండి. దానికి లిక్విడ్ నైట్రోజన్ డబ్బా కోసం ఎదురుచూడక్కర్లేదు, ఐసు నీళ్లు చాలు.