గుర్రానికి బూట్లు కొనే ముందు గిట్ట కొలవండి

పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు తిప్పే మా విజయనగరం వాళ్లకు ఒక మాట. తారు రోడ్డు మీద గిట్టలు అరిగిపోతున్నాయని రబ్బరు బూట్లు తెప్పిస్తున్నారు, మంచిదే. కానీ కొలత మాత్రం గిట్టలు చెక్కించిన రెండు మూడు రోజుల్లోపే తీయండి. గిట్ట నెలకు దాదాపు 1 సెంటీమీటరు పెరుగుతుంది. పెరిగిన గిట్టను కొలిచి కొంటే, చెక్కించాక బూటు వదులైపోతుంది.

కాలు ఎత్తి పట్టుకుని గిట్ట అడుగున కొలవండి. బాగా వెడల్పున్న చోట అడ్డంగా ఒకటి, ముందు కొస నుంచి వెనక గట్టి అంచు దాకా పొడవు ఒకటి. ఆ వెనక మెత్తగా, ఉబ్బెత్తుగా ఉండే మడమను కలపకండి. చాలామంది తప్పు చేసేది అక్కడే! నాలుగు కాళ్లూ విడివిడిగా కొలవాలి. మామూలుగా ముందు గిట్టలు గుండ్రంగా, వెనకవి కాస్త సన్నంగా ఉంటాయి.

తొడిగాక బూటును రెండు చేతులతో పట్టి మెలితిప్పి చూడండి. గిట్ట మీద తిరిగిందంటే సైజు పెద్దది. మొదటి రోజు పావుగంట నడిపించి, విప్పి, మడమ దగ్గర వేలితో తడమండి. వెంట్రుకలు రేగినా, చర్మం వేడిగా తగిలినా ఆ బూటుతో ఊరేగింపుకు తీసుకెళ్లొద్దు. పాపం, నొప్పెడుతోందని అది నోరు తెరిచి చెప్పలేదు కదా.