ఫైళ్లను లాగి వదిలే పద్ధతిని మార్చే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

విండోస్‌లో ఫైలును మౌస్‌తో పట్టుకుని వేరే ఫోల్డర్‌లో వదిలితే జరిగే పని అన్ని చోట్లా ఒకటి కాదు. రెండు ఫోల్డర్లూ ఒకే డ్రైవ్‌లో ఉంటే ఫైలు అక్కడికి తరలిపోతుంది. సి డ్రైవ్ నుంచి పెన్‌డ్రైవ్‌కు లాగితే మాత్రం నకలు పడి, అసలు ఉన్నచోటే ఉంటుంది. డెస్క్‌టాప్ మీది ఫోల్డర్‌ను సి డ్రైవ్‌లోనే ఉన్న బ్యాకప్ ఫోల్డర్‌కు లాగి, నకలు పడిందనుకుని తరువాత ఆ బ్యాకప్‌ను తుడిచేసేవారు నష్టపోయేది ఇక్కడే. మా ఇంటి పెళ్లి ఫొటోల ఫోల్డర్ ఒకసారి నా చేయి జారి పక్క ఫోల్డర్‌లోకి దూరిపోయింది. వెంటనే కంట్రోల్, జెడ్ నొక్కడం వల్ల తిరిగి వచ్చింది కానీ, ఆ క్షణంలో గుండె ఆగినంత పనైంది.

కంట్రోల్ పట్టుకుని లాగితే నకలు, షిఫ్ట్ పట్టుకుంటే తరలింపు, ఆల్ట్ పట్టుకుంటే షార్ట్‌కట్. ఇవి గుర్తుండకపోతే కుడి బటన్‌తో లాగండి. వదలగానే ఏం చేయాలో మెనూ అడుగుతుంది. చాలామందికి ఇంతకుమించి అవసరం లేదు.

ఈ అలవాటునే శాశ్వతంగా మార్చాలనుకునేవారు విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో హెచ్‌కీ క్లాసెస్ రూట్ కింద నక్షత్రం గుర్తు పేరుతో ఉన్న కీలోనూ, ఆల్‌ఫైల్‌సిస్టమ్‌ఆబ్జెక్ట్స్ కీలోనూ డిఫాల్ట్‌డ్రాప్‌ఎఫెక్ట్ అనే డీవర్డ్ (అంకె రకం) విలువను చేర్చాలి. 1 అంటే ఎప్పుడూ నకలు, 2 అంటే తరలింపు, 4 అంటే షార్ట్‌కట్, 0 అంటే మామూలు పద్ధతి. ముందుగా ఆ రెండు కీలనూ ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకుని, పోయినా ఫరవాలేని ఫైళ్లతో పరీక్షించండి. పలువురు వాడే కంప్యూటర్‌లో 1 తప్ప వేరేది పెట్టవద్దని నా గట్టి సలహా, ఎందుకంటే నకలు వల్ల పోయేది డిస్కులో కాస్త చోటు మాత్రమే. 2 పెడితే పెన్‌డ్రైవ్ తెచ్చినవారి ఫైళ్లు అందులోంచి ఖాళీ అవుతాయి. 4 ఇంకా ప్రమాదకరం: నకలు పడిందనుకుని అసలును తుడిచేస్తే మిగిలేది ఎక్కడికీ దారితీయని షార్ట్‌కట్ ఒక్కటే.

చేయి వణికేవారి కోసం రిజిస్ట్రీలోనే హెచ్‌కీ కరెంట్ యూజర్ కింద, కంట్రోల్ ప్యానెల్ లోపలి డెస్క్‌టాప్ కీలో డ్రాగ్‌విడ్త్, డ్రాగ్‌హైట్ అనే విలువలున్నాయి. మామూలుగా 4 పిక్సెల్స్ ఉండే వీటిని పెంచి, సైన్ అవుట్ అయి మళ్లీ లోపలికి వస్తే, మౌస్ కొద్దిగా కదిలినంత మాత్రాన ఫైలు కదలదు.

లింకుల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. ఎంకేలింక్ కమాండ్‌తో చేసే జంక్షన్ (ఒక ఫోల్డర్‌కు మరోచోట పెట్టే లింకు) నకలు కాదు, అదే గదికి పెట్టిన రెండో తలుపు. దాని గుండా వెళ్లి ఒక ఫైలు తీసేస్తే పోయేది అసలు ఫైలే. హార్డ్ లింక్ (ఒకే ఫైలుకు పెట్టే రెండో పేరు) కూడా బ్యాకప్ కాదు, ఒక పేరుతో తెరిచి మార్చినది రెండో పేరులోనూ మారిపోతుంది. అది ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ ఉన్న ఒకే డ్రైవ్ లోపలే కుదురుతుంది, ఫ్యాట్32 ఫైల్ సిస్టమ్ ఉన్న పెన్‌డ్రైవ్‌లో కుదరదు. జంక్షన్ అక్కర్లేనప్పుడు కమాండ్ ప్రాంప్ట్‌లో ఏ స్విచ్చూ (అదనపు ఆప్షన్) చేర్చకుండా ఆర్‌ఎండీఐఆర్ వాడితే లింకు మాత్రమే పోతుంది; డీఈఎల్ వాడితే లోపలి ఫైళ్లు తుడిచిపెట్టుకుపోతాయి. ఏ జంక్షన్ ఎక్కడి నుంచి ఎక్కడికి ఉందో ఒక కాగితం మీద రాసి పెట్టుకుని, పాత డిస్కును తీసేసే రోజున ముందు ఆ కాగితాన్ని చూడండి.