టోటల్ కలవకపోతే ముందు 9తో భాగించి చూడండి

బిల్లులన్నీ ఎక్కించాక టోటల్ కలవదు. అదీ సరిగ్గా ఇంటికెళ్లే టైమ్‌కే. మొదటి నుంచి ఒక్కో ఎంట్రీకి టిక్ పెడుతూ వెతికే ముందు, తేడా ఎంతో చూసి దాన్ని 9తో భాగించండి.

శేషం లేకుండా పోతే, చాలావరకు పక్కపక్క అంకెలు తారుమారై ఉంటాయి. 5,630 బదులు 5,360 కొట్టారనుకోండి, తేడా 270. 9తో భాగిస్తే 30. అంటే వందల అంకెకీ పదుల అంకెకీ మధ్య 3 తేడా ఉన్న ఎంట్రీలు మాత్రం చూస్తే చాలు. సున్నా ఎగిరిపోయినా ఇదే దారి: 4,500ని 450గా కొడితే తేడా 4,050, దాన్ని 9తో భాగిస్తే ఆ 450 వచ్చేస్తుంది. షీట్‌లో దాన్నే వెతకండి.

9తో పోలేదా? తేడాని సగం చేయండి. ఆ సగం ఎక్కడైనా ఎంట్రీగా కనిపిస్తే, డెబిట్‌లో పడాల్సింది క్రెడిట్‌లో పడిందేమో చూడండి. తేడా అంత మొత్తమే ఉన్న బిల్లు ఉంటే అది ఎక్కించడం మర్చిపోయి ఉంటారు.

రెండు మూడు తప్పులు కలిసిపోతే మాత్రం ఇదేదీ పనిచేయదు. అప్పుడిక పేజీకో టోటల్ వేసుకుని విడివిడిగా సరిచూసుకోవాల్సిందే, కాస్త విసుగే అయినా.